చూరులో మిగిలిన గోళీలు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. దుమ్ముగూడెం దాటి అడవి దారిలో ఉన్న ఒక చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. వైరాలో పుట్టి పెరిగినదాన్ని. కాలువ నీళ్లు, వరి చేలు తప్ప అడవి ఎరగను. పోస్టింగ్ ఆర్డరు చూసి అమ్మ ఏడుస్తుంటే, నేను రెండు దోమతెరలు కొనుక్కుని బస్సెక్కాను.

వానాకాలం వస్తే స్లైడ్లు కుప్పలుగా వచ్చేవి. జ్వరం మనిషి వేలిని సూదితో గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి, ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టి మలేరియా క్రిమి కోసం వెతకాలి. దాన్ని మేం స్మియర్ అంటాం. ఆ రంగు గోళ్లలో ఇంకిపోయి అన్నం కలుపుకుంటున్నప్పుడు కూడా నీలంగా కనబడేది. ఇప్పుడైతే కిట్ మీద గీత పడితే చాలు, చిటికెలో తేలిపోతుంది. మంచిదే. కానీ ఒక కన్ను మూసుకుని గంటల తరబడి ఆ గులాబీ, నీలం రంగుల్లో తిరిగిన రోజుల మీద బెంగ నాకింకా పోలేదు.

ఆ రోజుల్లోనే కన్నయ్య అనే పోడు రైతు మా దగ్గరికి జ్వరంతో వచ్చాడు. ఆర్నెల్లలో అది మూడోసారి. వెంట అతని భార్య ముత్తమ్మ. స్లైడు పెట్టగానే దొరికింది, వైవాక్స్. మలేరియా పరాన్నజీవుల్లో అదొక రకం. అది దూరిన ఎర్ర కణం పక్కవాటికంటే ఉబ్బి, లోపల సన్నటి చుక్కలతో ఉంటుంది. అంతకుముందు రెండు స్లైడ్లలోనూ అదే చూశాను.

నాకు ఒళ్లు మండింది. నా నోటికి అప్పటికింకా కుదురు రాలేదు.

“ఏందన్నా, గోళీలు ఏసుకోకుంట మళ్ల మళ్ల వస్తవా? మాకు ఏరే పని లేదా?”

“ఏసుకున్న మేడం, ఒట్టు,” అన్నాడు వణుకుతూనే.

ముత్తమ్మ అడ్డం వచ్చింది. “ఆయన అబద్ధమాడడు. జరం ఇంట్లనే ఉంటుంది మేడం. మా పెద్దోళ్లు గట్లనే చెప్పిండ్రు. గందుకే ఆ ఇల్లు ఇడిసి ఇంకోటి కట్టుకున్నం. అండ్ల గూడ వచ్చింది. అదీ ఇడిసి మూడోది కట్టినం. ఇప్పుడు ఊరే ఇడిసి గోదారి అవతల అక్క కాడికి పోదామంటుండు.”

“మరి చేను?”

“చేనా! మేం పోతే తెల్లారి ఇంకొకలు నాగలి పెడ్తరు. ముగ్గురు పిల్లలు దాని మీదనే బతకాలె. మట్టి మెత్తి మెత్తి నా చేతులు పోయినయ్. నాలుగో ఇల్లు నేను కట్ట.”

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. జ్వరానికి భయపడి ఇల్లు మార్చడమేమిటని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికే కాబోలు, ఇంకో ప్రశ్న అడిగాను.

“మొత్తం గోళీలు ఏసుకున్నవా అన్నా?”

“జరం పోయిందాంక ఏసుకున్న. మూడు దినాలు.”

“మిగిలినయ్ ఏడున్నయ్?”

“చూర్ల దోపిన.”

“తెచ్చుకోని ఏసుకో మరి.”

“అవి పాతింటి చూర్ల ఉన్నయ్ మేడం.” నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “జరమున్న ఇంట్లకెల్లి జరం మందు కొత్తింటికి ఎట్ల తెస్తం?”

రెండు పాత ఇళ్లు, రెండు చూర్లు, రెండింటిలోనూ మిగిలిపోయిన గోళీలు.

దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగిన పరాన్నజీవులు ముందు కాలేయానికి చేరతాయి. అక్కడ పెరిగి, వేలకు వేలై రక్తంలోకి వస్తాయి. చలీ జ్వరమూ అప్పుడే. కానీ వైవాక్స్‌లో కొన్ని పెరగకుండా కాలేయంలోనే నిద్రపోతాయి. వాటిని హిప్నోజాయిట్లు అంటారు. వారాలకో నెలలకో లేచి, కొత్తగా దోమ కుట్టకపోయినా జ్వరం తెస్తాయి. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది. పడుకున్నవాటి పని పట్టేది పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. కన్నయ్య చూరులో వదిలేసింది దాన్నే. ప్రతిసారీ కొత్తగా దోమే కుట్టిందేమో అంటే, స్లైడు ఆ తేడా చెప్పదు. చూరు మాత్రం చెప్పింది.

ఇదంతా నాకు చేతనైనట్టు చెప్పాను. కన్నయ్య పొట్ట తడుముకుంటూ కూర్చున్నాడు. ముత్తమ్మకే ముందు అందింది.

“అంటే జరం ఇంట్ల లేదు, నీ కడుపుల పండుకుంది. నువ్వు ఇల్లు మారిస్తె అది గూడ నీ ఎంబడే వచ్చింది,” అని మొగుడి వైపు తిరిగింది. “ఇగ యాడికి పోతవ్ చెప్పు?”

కొందరి రక్తానికి ప్రైమాక్విన్ పడదు. మూత్రం నల్లబడితే మందు ఆపేసి పరుగున రమ్మని డాక్టరు గారు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. పద్నాలుగు రోజులూ ముత్తమ్మే దగ్గరుండి, అన్నం పెట్టి, గోళీ మింగించి, తలుపు పక్కన గోడ మీద రోజుకో బొగ్గు గీత గీసిందట.

ఆ తర్వాత కన్నయ్య జ్వరంతో రాలేదు. పత్తి చేతికొచ్చాక ఒకసారి వచ్చి, దోసెడు ఇప్పపూలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. నేనే అడగడం చేతగాక తిట్టాను. జ్వరం ఎక్కడో దాక్కుని తిరిగొస్తుందని వాళ్ల పెద్దలు కనిపెట్టిందీ తప్పు కాదు. అది దాక్కునే ఇల్లే వేరు. అప్పటినుంచి “మందులు వేసుకున్నావా” అని అడిగి ఊరుకోను. “మిగిలినవి ఎక్కడున్నాయి” అని అడుగుతాను.

ఇప్పుడు వైరాలోనే పనిచేస్తున్నాను. పోయిన ఏడు పనిమీద అటు వెళ్లి, వాళ్ల ఊరికీ వెళ్లాను. అదే మూడో ఇల్లు. పైన రేకులు వేసుకున్నారు. గోడలు కొత్తగా అలికి ఎర్రగా మెరుస్తున్నాయి. తలుపు పక్కన మాత్రం జానెడు మేర పాత మట్టే, దాని మీద బొగ్గు గీతలు. లెక్కపెట్టాను. పద్నాలుగూ ఉన్నాయి.

“ఇల్లంత అలుకుత మేడం,” అంది ముత్తమ్మ. “గంత జాగ మాత్రం అలుక. ఈ ఇల్లు నిలబడింది దాని మీదనే.”