తిట్టండి, పనిస్తాను

పని కోసం వచ్చిన ప్రతి అనువాదకుడి చేతా పెద్దాయన ముందుగా తనను తిట్టించుకునేవాడు. వాళ్ళ భాషలో, తీరిగ్గా, కడుపునిండా. ఆయనకు ఏ పరాయి భాషా రాదు. అనువాదాల ఆఫీసు మాత్రం ఆయనదే.

టైపిస్టుకు ఇదో తలనొప్పి. తలుపు మూసినా తిట్లు మెట్లదాకా వినిపించేవి. గ్రీకు వచ్చినాయన బల్ల గుద్దితే టీ కప్పు ఎగిరిపడింది. పెద్దాయన మాత్రం కచేరీ వింటున్నట్టు తలూపేవాడు.

"ఏదైనా పరీక్ష పెట్టొచ్చు కదండీ?"

"ఇది పరీక్షే కదమ్మా."

"మీకు ముక్క అర్థం కాదు!"

"అందుకేగా కోపం రాదు."

ఒకరోజు ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఒక ముసలావిడకు మర్నాడు గుండె ఆపరేషను. ఆవిడకు ఆర్మేనియన్ తప్ప మరో భాష రాదు. తెల్లకోట్లు చూసి బెదిరిపోయి ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. సాయంత్రంలోగా నచ్చజెప్పే మనిషి దొరక్కపోతే ఆపరేషను లేదు. అది లేకపోతే మనిషి దక్కదు.

టైపిస్టు ఊరంతా ఫోన్లు చేసి ఇద్దర్ని పట్టుకొచ్చింది.

మొదటాయన రేడియోలో ఆర్మేనియన్ వార్తలు చదువుతాడు. గుక్క తిప్పుకోకుండా తిట్టాడు. పెద్దాయన ఏడు తరాలూ కదిలి ఉంటాయి. తర్వాత రుమాలుతో మూతి తుడుచుకుని, "ఎలా ఉంది?" అన్నాడు.

"అద్భుతం. ఇక ఇంటికి వెళ్ళిరండి."

"అయ్యో, అక్కడ ప్రాణం మీదికొస్తే!" టైపిస్టు తల పట్టుకుంది.

రెండో ఆవిడ పళ్ళ డాక్టరు. ఇంట్లో ఆ భాషే మాట్లాడతారు. రెండు తిట్లు తిట్టి, పెద్దాయన మొహం చూసి ఆగిపోయింది. "నొచ్చుకున్నారా? ఊరికే అన్నానండీ" అంటూ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

"పదండి!" అని పెద్దాయన ఒక్క ఉదుటున లేచాడు.

ఆస్పత్రి మెట్లెక్కుతుంటే టైపిస్టు నిలదీసింది. "వార్తలు చదివే మనిషిని పొమ్మన్నారు. ఈవిడ సగంలోనే ఆగిపోయింది."

"భాష వచ్చో రాదో నువ్వు ముందే కనుక్కుంటావు. నేను చూసేది తిట్టాక వాళ్ళ మొహం. ఇక్కడ చెప్పాల్సింది గుండె కోస్తారన్న కత్తి మాటమ్మా. చెప్పేవాళ్ళకు కాస్తయినా గుచ్చుకోకపోతే వినేవాళ్ళకు లోతుగా దిగుతుంది."

టైపిస్టు పళ్ళ డాక్టరుకు వార్డు తలుపు తెరిచింది.

పళ్ళ డాక్టరు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా చెప్పింది. ముసలావిడ ఆమెనే చూస్తూ విన్నది. చివరికి ఏదో అంది.

"ఏమంటోందమ్మా?" పెద్దాయన ముందుకు వంగాడు.

"సరేనంటున్నారు. కానీ ఆపరేషను చేసే డాక్టరు బాగా చిన్నవాడట. బెదిరిపోతాడేమో, ముందు అతనికి కడుపునిండా ఏదైనా పెట్టమంటున్నారు."

పెద్దాయన టైపిస్టు చెవిలో గొణిగాడు. "ఈవిడ లేచి తిరగ్గానే మన ఆఫీసులో వేసుకుందాం."

"ఆవిడకు ఇంకో భాష రాదండీ!"

"రానిది భాషేగా. నేర్పిద్దాం."