చెయ్యి వణకకుండ వీడియో తీసుడు

ఆ చిన్న డిజిటల్ కెమెరను మా ఆయన కొన్నది బట్టల డిజైన్లు ఫోటో తీసి ముంబైల బట్ట కొనే పార్టీలకు చూపెట్టేటందుకు. భివండి గైబీ నగర్‌ల మాకు బట్ట నేసే సాంచాల కార్ఖానా ఉండేది. దూది, నూనె అంటిన చేతులతోని ఆ సన్నటి మీటలు ఒత్తుడు ఆయనతోని కాలే. కొన్నాళ్లు తిప్పలు పడి, ఒకనాడు తెచ్చి నా ఒళ్లె పెట్టిండు.

"నా వేళ్లకు ఒక మీట ఒత్తితే రెండు పడుతున్నయి. నువ్వే నేర్చుకో."

నేను ఆ ఊర్లనే తెలుగోళ్లుండే పద్మనగర్‌లనే పుట్టి పద్మనగర్‌లనే కోడలైనదాన్ని. కుట్టుమిషనుగాని మిక్సీగాని ఖరాబైతే ముందుగాల విప్పి చూసేది నేనే. కెమెర వెంట వచ్చిన పుస్తకం ఇంగ్లీషుల ఉండె, నేను చదివిందేమో మరాఠీల. పుస్తకాన్ని బీరువల పెట్టి మీటలన్ని ఒక్కొక్కటి ఒత్తి చూసిన. సినిమా రీలు బొమ్మ ఉన్న మీట ఒత్తితే ఎదురుంగున్న మనిషి కదిలినట్టె, మాట్లాడినట్టె పడుతున్నడు. ఆ దినం నుంచి ఫోటోల మీద నాకు మనసు పోలే.

మొదటి వీడియో మేముండే వరుస అర్రల చాల్ పిల్లలు వరండాల ఆడుకుంటుంటే తీసిన. నిలువు ఫోటోకు పట్టుకున్నట్టె కెమెరను నిలబెట్టి పట్టుకున్న. తీగ పెట్టి టీవీల చూస్తే పిల్లలంత అడ్డంగ పడి ఉన్నరు. మా అత్తమ్మ మెడ వంచి చూసి, "వీళ్లంత పండుకోని ఉరుకుతున్నరేందే?" అని అడిగింది. ఇంకోసారి వాకిట్ల సానుపు చల్లినట్టు ఇటు నుంచి అటు ఊపుకుంట తీసిన. అది చూసి మా ఆయన కండ్లు మూసుకొని, "బస్సుల కూసున్నట్టే ఉంది, కడుపుల తిప్పుతుంది," అన్నడు. ఇంకోసారి అత్తమ్మను తలుపుకు అడ్డంగ కూసోబెట్టి తీస్తే, వెనుక నుంచి వెలుగు కొట్టి ఆమె మొఖం బొగ్గు లెక్క పడ్డది.

తప్పు జరిగిన కొద్ది నాకు పట్టు దొరికింది. మనిషిని వెలుగు దిక్కు తిప్పి కూసోబెట్టాలె. దూరంగ ఉన్నోళ్లు కావాలంటే మనమే నడిచి దగ్గరికి పోవాలె. రెండు మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి సన్నగ ఇడువాలె. మా ఇంట్ల ఎప్పుడు ఏదో ఒక పని నడుస్తనే ఉంటుంది గనుక తీసేటందుకు కరువు లేదు. అత్తమ్మ జొన్నరొట్టె కొడుతుంటే తీసిన, మా బిడ్డ జడలేసుకుంటుంటే తీసిన. కొన్ని దినాలకు నా వీడియోలల్ల గోడలు గోడల లెక్క, మనుషులు మనుషుల లెక్క నిలబడ్డరు.

ఒక్క చప్పుడుతోని వేగుడే నాకు సాధ్యం కాలే. మా చాల్‌కు మూడు దిక్కుల సాంచాలే. మేము ఆ చప్పుడు ఎన్నడో మర్చిపోయినం, కెమెర మర్చిపోలే. ఎవ్వరేం మాట్లాడినా టక టక టక అనే పడేది. ఆ ఏండ్లల్ల మా దిక్కు పగటిపూట గంటలకొద్ది కరెంటు తీసేటోళ్లు. సాంచాలు బందైతే మొగోళ్లు తలలు పట్టుకునేటోళ్లు, నేనేమో కెమెర పట్టుకునేదాన్ని. పొద్దుగాలనే బ్యాటరీ నింపి పెట్టుకొని, కరెంటు పోంగనే వరండాలకు ఉరికేది.

ఆ ఏడే మా మరిదికి పెండ్లి కుదిరింది. అత్తమ్మకు సిరిసిల్లల సొంత చెల్లె ఉన్నది. నా పెండ్లప్పుడు అత్తమ్మ ఆమెను బొట్టు పెట్టి పిలువలేదట. పనుల వత్తిడిల బస్సుల పోయేటోళ్ల చేతికి కార్డు ఇచ్చి పంపిందట. ఆమె రాలే. గప్పటి సంది అక్కచెల్లెండ్లకు మాటల్లేవు. నేను కోడలై వచ్చి అన్నేండ్లయినా చిన్నత్తమ్మ మొఖం ఫోటోలనే చూసిన.

ఈసారి తనే పోయి పిలువాలని అత్తమ్మకు ఉండె. కాని మోకాళ్లు పట్టేసి మెట్లు దిగుడే కష్టమైంది, సిరిసిల్ల దాక బస్సుల కూసునుడు ఆమె వశం కాదు. మా ఆయన ఫోన్ చేసి ఇస్తే, అక్క గొంతు వినంగనే చిన్నత్తమ్మ పెట్టేసింది.

"మేం పోయి బొట్టు పెట్టొస్తం," అన్న.

"నువ్వు పెడితే అది ఒప్పది. నేనే పెట్టాలె," అన్నది అత్తమ్మ.

"గట్లయితే నిన్ను వీడియో తీస్త. సీడీ చేపించి తీస్కపోయి ఆమెకు చూపెడుత."

అత్తమ్మ కట్టుకున్న చీర దిక్కు చూసుకున్నది. "చీర మార్చుకోవాలెనా?" అని అడిగింది. అప్పుడు ఒప్పుకున్నట్టే అనుకున్న.

మర్నాడు పగలు కరెంటు పోయింది. అత్తమ్మను వరండాల వెలుగు దిక్కు తిప్పి కుర్చీల కూసోబెట్టిన. పక్క ఖోలీలోళ్లు గుమిగూడిన్రు. ఆ చప్పుడుల ఒర్రి మాట్లాడుడు అలవాటైన సాంచాల మనుషులు గుసగుస పెట్టినా నాలుగిండ్లకు వినపడతది. "ఎవ్వరన్న మాట్లాడితే మల్ల మొదటి నుంచి తియ్యాలె," అని గట్టిగ చెప్పిన. అందరు నోరు మూసుకున్నరు.

అత్తమ్మ మొదలు సభల మాట్లాడినట్టు, "సిరిసిల్లలున్న మా చెల్లెకు నమస్కారం," అన్నది. నేను ఆపిన.

"అత్తమ్మా, నన్ను చూడకు. ఈ గుండ్రటి అద్దంల మీ చెల్లె ఉన్నదనుకో. ఇంట్ల ఎట్ల మాట్లాడుతవో అట్లనే మాట్లాడు."

ఆమె అద్దం దిక్కు చూసింది. చూస్తుంటే చూస్తుంటే మొఖం మారింది.

"ఏమే, ఫోన్ పెట్టేస్తవా? చిన్నప్పుడు నిన్ను ఏసుకొని తిరిగిన చంక ఇది. తప్పయింది. బొట్టు పెట్టకపోవుడు నాదే తప్పు. అందుకని జిందగీ అంత అలుగుతవా? నా చిన్నకొడుకు పెండ్లి. నువ్వు లేకుంటే నాకు చేతకాదు. మోకాళ్లు సక్కగుంటే నడిచొద్దును."

అని చీర కుచ్చిళ్లకాడ చెక్కిన కుంకుమ డబ్బి తీసింది. ఆ సంగతి నాకు ముందుగాల చెప్పలే. ఉంగరపు వేలుకు కుంకుమ అద్దుకొని, లేచి, చెయ్యి ముందటికి చాపింది. ఆ వేలు నా చిన్న తెరల పెద్దగ, పెద్దగ అయింది. ఎనుకకు జరుగుదామా అనిపించింది గని జరగలే. మోచేతులు డొక్కలకు బిగించి, ఊపిరి ఆపి నిలబడ్డ. అద్దం మీద బొట్టు పడ్డది. తెరంత ఎర్రగైంది. అప్పుడు మీట ఒత్తి ఆపిన.

మెత్తటి మల్లు గుడ్డతోని అద్దం తుడిస్తే కుంకుమ పోయింది. సీడీ చేసే దుకాణపాయన చూసి, "భాభీ, ఆఖర్ మే ఖరాబ్ హో గయా, కాట్ దూఁ?" అని అడిగిండు. అది ఖరాబు కాదు, ఆఖరుది కోసెయ్యొద్దు, ఒక్క ముక్క కూడ తియ్యొద్దని చెప్పిన.

మా ఆయన, నేను పెండ్లి కార్డులు, కెమెర పట్టుకొని బస్సెక్కి సిరిసిల్లల దిగినం. చిన్నత్తమ్మ మంచినీళ్లిచ్చింది, మంచిగున్నరా అన్నది, అంతే. కార్డు తీసుకొని చదవకుండ టీవీ మీద పెట్టింది. నేను ఆ టీవీ కిందున్న సీడీ ప్లేయర్‌ల మా సీడీ పెట్టిన.

అక్క మొఖం కనపడంగనే ఆమె కొంగు నెత్తిమీదికి సదురుకున్నది. చంకల ఏసుకున్న మాటకు మంచం అంచుకు జరిగింది. బొట్టు పెట్టంగ చూసి, "ఇంకోసారి పెట్టు," అన్నది. మల్ల పెట్టిన. ఆమె మంచం మీంచి లేచి టీవీ దగ్గరికి పోయింది.

"నీ చెయ్యి వణికిందా, మా అక్క చెయ్యి వణికిందా?"

నేను చూసిన. కుంకుమ వేలు ముందటికి వస్తున్న కొద్ది సన్నగ వణుకుతుంది. వెనుకున్న వరండ కటకటాలు మాత్రం కదలకుండ నిలబడి ఉన్నయి.

"కెమెర వణకలే చిన్నత్తమ్మా. వణికింది ఆమె చెయ్యే."

"గింత చిక్కిందేంది మరి? కండ్లేంది గట్ల పొడుసుకొచ్చినయి? డాక్టరుకు చూపెట్టిన్రా?"

మేమిద్దరం లేదన్నం. దినాం కండ్లముందు తిరిగే మనిషి, పెద్దమనిషి గనుక చిక్కిందనుకున్నం. చెయ్యి సంగతి మాకెవ్వరికి తెలువనే తెలువదు.

చిన్నత్తమ్మ టీవీ బంద్ చేసింది. మంచం మీద సక్కగ కూసొని, "నాది గూడ తియ్యి," అన్నది. నేను కిటికి దిక్కు తిప్పి కూసోబెట్టి తీసిన. ఆమెకు ఏం చెప్పే అవసరం పడలే.

"అక్కా, పెండ్లి సంగతి పక్కన పెట్టు. ముందు దవాఖానకు పో. పరీక్ష చేపించుకున్నవని నీ కోడలు ఫోన్ చేస్తేనే నేను బస్సెక్కుత. నీ బొట్టు అందింది."

భివండికి వచ్చి అది పెడితే అత్తమ్మ ఆఖరి మాట దాక చూసి, "అది నన్ను ఎప్పుడూ గిట్లనే బెదిరిస్తది," అని కండ్లు తుడుసుకున్నది. అంతకుముందు దవాఖాన అంటే నెల తర్వాత చూద్దాం అనే మనిషి, మర్నాడు పొద్దుగాలనే తయారై కూసున్నది. రక్త పరీక్షల థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నదని తేలింది. ఇంకా జాగు చేస్తే గుండె మీదికి వచ్చేదని డాక్టరు చెప్పిండు. గోలీలు మొదలుపెట్టినంక కొన్ని నెలలకు చెయ్యి నిలబడ్డది, ఒళ్లు పట్టింది. మోకాళ్లు మాత్రం అట్లనే ఉన్నయి.

పరీక్ష అయిందని నేను ఫోన్ చేస్తే, చిన్నత్తమ్మ పెండ్లికి చాల ముందుగాలనే వచ్చింది. వచ్చిన దినమే పసుపు దంచే కాడ అక్కతోని కొట్లాట పెట్టుకున్నది. పెండ్లికి మేం పెద్ద కెమెరాయనను మాట్లాడినం. ఆయన లైట్లు చూసి సుట్టాలంత నిలువు కొయ్యల లెక్క నిలబడ్డరు. నేను నా చిన్న కెమెరతోని పందిరెనుక, వంటల కాడ తిరిగిన. అక్కచెల్లెండ్లు ఒక్క ఇస్తరాకుల తినుకుంట, ఎవరి పెండ్లిల ఎవరు ఏడ్చిన్రో వాదులాడుకునుడు నా కెమెరల పడ్డది.

పెండ్లి అయినంక మా చాల్ ఆడోళ్లు ఒక్కొక్కరు వచ్చుడు షురువు చేసిన్రు. ఒకామె కరీంనగర్‌ల ఉన్న తల్లికి మనుమరాలి నడక చూపెట్టాలె అన్నది. ఇంకొకామె మొగని తమ్మునికి ఊరి బయట కాశేలి దిక్కు కట్టుకుంటున్న ఇల్లు చూపెట్టాలె అన్నది. ఎవ్వరికీ కాదనలే. అప్పటికి నాకు తీసుడు వచ్చు, ఆ సంగతి నాకు తెలుసు, చాల్‌కు గూడ తెలుసు.