సత్తక్క చప్పుడు చేయకుండా పోయింది

నిన్న పొద్దున కోరుట్ల బస్టాండ్‌లో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. అక్కను ఉంచిన హాస్పిస్ నుంచి నర్సు.

"సార్, మీ అక్క పోయింది. మస్తు ప్రశాంతంగ పోయింది. ఒక్క సప్పుడు సుత చేయలే."

రోజులు దగ్గర పడ్డాయని డాక్టర్లు ముందే చెప్పారు. తెలిసిన చావే. అయినా అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

అప్పటి నుంచి ఫోన్లు, మెసేజ్‌లు. అందరిదీ ఒకటే మాట. "సత్తక్క అదృష్టవంతురాలు, బాధ లేకుండా పోయింది."

మీకు దండం పెడతాను, ఆ మాట మాత్రం అనకండి. ఎందుకో చెప్తాను.

మా అక్క సంగతి ఆమె అత్తగారి ఊరు తంగళ్ళపల్లిలో ఎవరిని అడిగినా చెప్తారు. సాంచలు, అంటే మరమగ్గాలు, నడిచే షెడ్డులో పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడదు. ఆ మోత మీద కూడా మా అక్క గొంతు వినబడేది. పెళ్ళి కూరలో ఉప్పు తక్కువైతే వంటవాళ్ళ పని అయిపోయినట్టే. నేను వెళ్తే వాకిట్లోనే అందుకునేది.

"ఏందిరా, తొవ్వ మర్చిపోయినవా? అక్క సచ్చినంక అస్తవా?"

తిడుతూనే అన్నం పెట్టేది. వద్దంటే ఇంకా తిట్టేది.

ఇంత నోరున్న మనిషి, ఒంట్లో నొప్పి అన్న మాట మాత్రం ఎన్నడూ అనలేదు. కాన్పులు కూడా పంటి బిగువున అయిపోయాయి. ఎంత ధైర్యమో అన్నారు అందరూ.

ధైర్యం కాదు. భయం. అదెక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

మా చిన్నప్పుడు మాది కథలాపూర్ దగ్గర పల్లె. నక్సలైట్ల రోజులు. అన్నలు ఒక దిక్కు, పోలీసులు ఒక దిక్కు, నడుమ మేము. మా బాపు కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగింది. మంచం పట్టాడు, మళ్ళీ లేవలేదు. నొప్పికి ఒకటే అరుపులు.

అదే సమయంలో గుట్టల్లో కాల్పులు జరిగాయి. దెబ్బ తగిలినవాళ్ళు ఎవరింట్లోనో ఉన్నారని పోలీసులు ఊరూరా వెతుకుతున్నారు. మా ఇంట్లో మూలుగు విని లోపలికి వచ్చారు. చెట్టు మీది నుంచి పడ్డాడని అమ్మ వాళ్ళ కాళ్ళు పట్టుకున్నా వినలేదు. నడుము విరిగిన మనిషిని బోర్లా తిప్పి, తూటా గాయం ఉందేమోనని చూశారు.

బాపు అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

గాయం లేదని వెళ్ళిపోయారు. ఆ తర్వాత సూది వేయడానికి వచ్చే ఆర్‌ఎంపీ డాక్టరు మా ఇంటికి రావడం మానేశాడు. మందుల సంచి కనబడితే ఎవరికి తీసుకుపోతున్నావని పట్టుకుంటారని ఆయన భయం. పిల్లలున్నవాడు, తప్పు పట్టను.

ఇక అమ్మకు ఒకటే దిగులు, మూలుగు గడప దాటవద్దని. తాను తలుపు దగ్గర బీడీలు చుడుతూ కూర్చునేది. అక్కను బాపు పక్కన కూర్చోబెట్టింది. అక్కకు అప్పుడు పదేళ్ళు ఉంటాయేమో. బాపు మూలిగినప్పుడల్లా కండువా నోటికి అడ్డం పెట్టాలి. అదే అక్క పని.

"బాపూ, సప్పుడు చేయకు. అస్తరు బాపూ."

బాపు కూడా నేర్చుకున్నాడు. ఆ కండువా కొరుక్కుంటూనే పోయాడు. ఊళ్ళోవాళ్ళు అప్పుడు కూడా ప్రశాంతంగా పోయాడనే అన్నారు.

అక్కకు క్యాన్సర్ ఎముకల దాకా పాకిందని తెలిశాక మంచి హాస్పిస్ కోసం నేనే తిరిగాను. చివరి రోజులు నొప్పి లేకుండా గడిచేలా చూసుకునే చోటు. పేరు రాయను, వాళ్ళను బద్నాం చేయడానికి కాదు ఈ పోస్ట్.

అన్నీ చూశాను. బాత్రూమ్ వాసన చూశాను. పరుపులు ఒత్తి చూశాను. వీపుకు పుండ్లు పడ్డాయా అని అక్కడి పేషెంట్ల ఇంటివాళ్ళను అడిగాను. మార్ఫిన్ ఉందా అని అడిగితే ఉందన్నారు. నిజంగానే ఉంది. బాపుకు దొరకని మందు అక్కకైనా దొరుకుతుందని సంబరపడ్డాను.

అక్కడ నొప్పి తెలుసుకోవడానికి ఒక బొమ్మల కార్డు ఉంటుంది. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా. పేషెంట్ ఏది చూపిస్తే దాన్ని బట్టి డోస్.

అక్క రోజూ నవ్వే ముఖం మీదే వేలు పెట్టేది.

ఒకరోజు నర్సు పక్కకు తిప్పుతుంటే అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"అక్కా, నొస్తుందని చెప్పు. మందు ఇస్తరు."

"ఏం నొస్తలేదురా. లొల్లి చేయకు. అందరు ఇనవట్టిరి."

నర్సును బయటికి పిలిచి చెప్పాను. "మా అక్క చెప్పది బిడ్డా. కార్డు చూడకు, కొంగు చూడు." మంచి పిల్ల, అర్థం చేసుకుంది. డాక్టరుకు చెప్పి, తిప్పే ముందు ఒక డోస్ ఎక్కువ ఇప్పించింది. అప్పుడు అక్క నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నాకు కూడా ప్రాణం కుదుటపడింది.

తర్వాత షిఫ్ట్ మారింది. కొత్త నర్సు కార్డు చూపెట్టింది, అక్క నవ్వే ముఖం చూపెట్టింది. ఎక్కువ డోస్ ఆగిపోయింది. మళ్ళీ చెప్పాను.

"ఆంటీనే మంచిగున్న అంటుంది కద సార్. మేమెట్ల ఇస్తం?"



నిన్న అక్క బిడ్డ రజిత బట్టలు ఆరేయడానికి హాస్పిస్ మేడ మీదికి పోయింది. వచ్చేసరికి అయిపోయింది. నోట్లో కొంగు రజితనే తీసిందట.

ఇవాళ హాస్పిస్ వాళ్ళ మెసేజ్. మా సర్వీస్‌కు ఎన్ని స్టార్లు ఇస్తారు అని. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. జావ వేడిగా పెట్టారు. ఒక్కరూ విసుక్కోలేదు. నొప్పి తగ్గిందా అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టేశాను.

ఎంత మంచి చోటు వెతికితే ఏముంది. బాపు పక్కన కూర్చున్న ఆ పదేళ్ళ పిల్ల భయానికి ఎక్కడా మందు లేదు.

పోయి రా అక్కా. నువ్వు పోయిన కాడ నొప్పి ఉండొద్దు. ఉంటే గట్టిగ మొత్తుకో. అక్కడ తలుపు కొట్టేటోళ్ళు ఎవరూ ఉండరు.