సుజాతకు వచ్చిన ఫోను

ఏళ్ల తరబడి గుండెల మీద బండలా మోస్తున్న మాట ఇది. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

శ్రీను బావ మా మేనత్త కొడుకు. నన్ను అతనికే ఇస్తారని ఊరంతా అనుకునేది. నేనూ అనుకున్నాను. మిలిటరీవాడికి పిల్లనివ్వనని మా నాన్న భీష్మించుకుని నన్ను బావ వాళ్ల వీధిలోనే వేరే ఇంటికి ఇచ్చాడు. బావ సుజాతను చేసుకున్నాడు. నోరారా అక్కా అని పిలిచే పిల్ల. దాన్ని ద్వేషించడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు.

అప్పట్లో వీధి మొత్తానికి మా ఇంట్లోనే ఫోన్. బావను శాంతిసేనతో ఆఫ్రికా పంపాక మా నంబరుకే చేసేవాడు. నేను సుజాతను పిలుచుకొచ్చి, వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఒకసారి ఇద్దరూ ఏదో మాటా మాటా అనుకున్నారు. సుజాత ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

మళ్లీ ఫోన్ వచ్చిన రోజు సుజాత మా పెరటి వెనక కల్లంలోనే ఉంది. ఎండబోసిన మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతోంది.

"సుజాతను పిలువ్వే. పోయినసారి కసురుకున్నా, బతిమాలుకోవాలి."

"లేదు బావా. గుంటూరు వెళ్లింది."

ఆ అబద్ధం నా నోట్లోకి ఎలా వచ్చింది?

"అయితే నువ్వే మాట్లాడు కాసేపు. గొంతేంటి అట్టా ఉంది? ఏడుస్తన్నావా?"

"ఏడుపెందుకు? మిరపఘాటు."

నవ్వాడు. "ఇక్కడి చప్పిడి కూడు తినలేక చస్తన్నా. సరే, రేపు మళ్లీ చేస్తా. దాన్ని ఉండమను."

చెప్పలేదు. అబద్ధం బయటపడుతుందనా? కాదు. ఏదో ఒకటి చెప్పి సర్దుకోగలను. రేపటి ఫోను కూడా నాకే దక్కాలని, బావ గొంతు ఇంకొక్కసారి నా ఒక్కదానికే వినపడాలని ఆశపడ్డాను.

మర్నాడంతా ఫోన్ పక్కనే కూర్చున్నాను. మోగలేదు. తర్వాత కబురొచ్చింది. వాళ్ల బండ్ల మీద కాల్పులు జరిగాయట. జెండా కప్పిన పెట్టెలో వచ్చాడు.

"మళ్లీ ఫోనేమన్నా చేశాడా అక్కా?" అని నన్ను పట్టుకుని అడిగింది సుజాత. లేదన్నాను.

ఇప్పటికీ అంటుంది, "మీ బావ నా మీద అలిగే పోయాడక్కా" అని. అన్న ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. సిగ్గు విడిచి ఇంకొకటి కూడా చెబుతున్నాను, ఆ కాసేపటి మాటల్ని తలుచుకోకుండా నాకు ఒక్క రోజూ గడవదు.

దాని ముందు అనలేని మాట ఇక్కడ అంటున్నాను. బావ అలగలేదు సుజాతా. నిన్ను బతిమాలుకోవడానికే చేశాడు. కేకేస్తే పలికేంత దగ్గర్లో ఉన్నావు. నేనే పిలవలేదు.