అక్క చెప్పిన సాక్ష్యం

మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పుకుంటారు. జ్వరం తగ్గనివాళ్లు, కోర్టు కేసులో ఇరుక్కున్నవాళ్లు, పిల్లలకు నౌకరి దొరకనివాళ్లు లేచి నిలబడి దేవుడు మేలు చేశాడని చెబుతారు. చేయకముందే చెబుతారు. "ముందుగాల స్తోత్రం చెప్పాలె బిడ్డా, తర్వాత ఆయనే ఇస్తడు" అని మా అమ్మ మాకు నేర్పింది. దగ్గుకుంటూనే దగ్గు పోయిందనేవాళ్లం. వినేవాళ్లెవరూ మోసపోయేవాళ్లు కాదు. అది ఆశ అని అందరికీ తెలుసు, అందుకే బయటికొచ్చాక మిరియాల కషాయం తాగమని కూడా చెప్పి పంపేవాళ్లు.

అక్కను ఆలూరుకు ఇచ్చారు. బావతో కలిసి కూరగాయలు పండించేది. రొమ్ములో గడ్డ తగిలిందని మొదట నాకే చెప్పింది. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "చిన్నగనే ఉన్నది, జల్ది వచ్చిన్రు. ఆపరేషన్ చేసి మందులిస్తే చానామందికి నయమైతది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం ఆ వరండాలో జుట్టు ఊడిపోయిన ఆడవాళ్లనే చూస్తూ కూర్చుంది.

అంతలోనే ఎవరో ఆమె ఫోన్‌కు 'సారు' వీడియో పంపారు. మొయినాబాద్‌లో దిగి ఆటోలో లోపలికి పోతే ఒక ఫామ్‌హౌస్. అందులో సారు. వైద్యం చదివింది లేదు, చదివినవాళ్లను తిట్టడం మాత్రం బాగా వచ్చు. తెల్లబట్టలు, మెత్తటి మాట. కత్తి పెడితే క్యాన్సర్ రేగి ఒళ్లంతా పాకుతుందట. గోధుమగడ్డి రసం తాగి, ఆకుపసరు పట్టీ కట్టుకుని, ఉప్పు మానేస్తే గడ్డ తనంతట తానే కరిగిపోతుందట. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, కోత వద్దనుకున్న మా అక్కకు కోత వద్దనే మనిషి దొరికాడు.

నేను ఇంటికి పోయి అరిచాను. "అక్కా, గా డాక్టరమ్మ మాట విను. గీయన ఎవరు? ఏం సదివిండు?"

"జర ఓపిక పట్టవే. కొన్ని దినాలు చూస్త. తగ్గకుంటె నువ్వు చెప్పిన దవాఖానకే వస్త" అంది.

వచ్చేదే. మాట తప్పే మనిషి కాదు. కానీ ఒక ఆదివారం సారు ఆమెను వచ్చినవాళ్ల ముందు నిలబెట్టి, ఫోన్ ఎదురుగా పెట్టించి, ఎట్లుందో నాలుగు మాటలు చెప్పమన్నాడు. అక్కకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "నాకు క్యాన్సర్ ఉండె. ఇప్పుడు లేదు. గడ్డ కరిగిపోయింది. దేవునికి స్తోత్రం" అంది. గడ్డ అప్పటికే పెరిగింది. పట్టీలు కట్టించే సారుకు ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను. స్తోత్రం అన్న మాట కత్తిరించి, మిగతాది లోకమంతా పంపాడు.

ఇక అక్క ఆ మాటకు కట్టుబడిపోయింది. చర్మం పగిలి పుండైనా, వాసన రాకుండా పౌడరు చల్లుకుని తిరిగింది. నేను దవాఖాన మాటెత్తితే, "సాక్ష్యం చెప్పి ఎన్కకు పోతె దేవున్ని అబద్ధికున్ని చేసినట్టె గదనే" అనేది. నాకు కోపమొచ్చేది, ఆ కోపం ఇప్పటికీ ఉంది.

నడుము నొప్పితో మంచం దిగలేకపోయిన రోజు బావ, నేను మోసుకుపోయాం. మళ్లీ అదే డాక్టరమ్మ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎముకలకు పోయిందమ్మా. ఇగ నొప్పి లేకుండ చూసుకుందాం" అని అక్క చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చాక అక్క నన్ను ఒకే ఒక్కటి అడిగింది.

"నేను చెప్పింది తీసెయ్యమను. ఇంకెవరన్న చూసి నమ్ముతరు."

ఫామ్‌హౌస్‌కు పోయాను. సారు కూర్చోబెట్టి రసం తెప్పించాడు. "మీ అక్క దవాఖానకు పోబట్టె గిట్లయిందమ్మా. ఆమె నోటితోని ఆమె చెప్పిన మాట, నేనెందుకు తీస్త?" అన్నాడు. గ్లాసెత్తి గోడకేసి కొట్టాను. అంతకుమించి నాకేమీ చేతకాలేదు. అక్క ఆ చలికాలంలోనే పోయింది.

నేను మొయినాబాద్‌లో టీచర్ని. మొన్న బడికి పోతూ చేవెళ్లలో బస్సెక్కితే, పక్క సీట్లో ఒకామె ఒళ్లో సంచి పెట్టుకుని ఫోన్ చూస్తోంది. "నాకు క్యాన్సర్ ఉండె" అని అక్క గొంతు వినిపించింది. తను పోయాక ఆ గొంతు వినడం అదే మొదలు.

"అమ్మా, ఆమె మా అక్క" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "అవునా? నేను గా సారు దగ్గరికే పోతున్న. ఇప్పుడెట్లున్నది మీ అక్క?"

"సచ్చిపోయింది. గాయన మాట నమ్మే సచ్చిపోయింది. నువ్వు అక్కడికి పోకు. నాతోని రా, బడికి సెలవు పెట్టి నేనే దవాఖానకు తోలుకపోత" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె మెల్లగా విడిపించుకుంది. "గిట్ల ఎవరో ఒకరు ఎదురొచ్చి భయపెడ్తరని సారు ముందుగాలనే చెప్పిండు" అంటూ ఫోన్ నా వైపు తిప్పింది. "చూడు, ఆమెనే చెప్తున్నది గద."

మొయినాబాద్‌లో ఇద్దరం దిగాం. ఆటో దాకా వెంటపడి బతిమాలాను. ఆమె నా ముఖం చూడకుండా ఎక్కి కూర్చుంది. ఆటో కదిలేటప్పుడు లోపలి నుంచి అక్క గొంతు మళ్లీ మొదటినుంచి మొదలైంది.