రొయ్యల పచ్చడికి లైసెన్సు

మా ఆయన గుజరాత్ రేవుల్లో బోట్ల మీద పని చేస్తాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. ఇక్కడ భోగాపురం దగ్గర, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో ఒక వాటాలో నేనూ అత్తా, రెండో వాటాలో మా బావ, ఆయన పెళ్లాం ఉండేవాళ్లం. బావంటే మా ఆయనకి అన్న. ఇల్లు అత్త పేరున ఉంది. పెత్తనం మాత్రం బావదే.

నేను రొయ్యల పచ్చడీ వంజరం చేప పచ్చడీ పెట్టి విజయనగరంలో తెలిసిన ఇళ్లకి అమ్మేదాన్ని. అక్కడ ఒక కిరాణా షాపాయన రుచి చూసి, నెలనెలా సీసాలు తీసుకుంటానన్నాడు. "కానీ సీసా మీద లైసెన్సు నంబరుండాలమ్మా. అది లేకుండా పెడితే నా కొట్టుకి తాళమేస్తారు" అన్నాడు. అంతవరకు పచ్చడికి లైసెన్సు కావాలని ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

నెట్ సెంటరుకి వెళ్లాను. అక్కడ కూర్చున్నవాడు కంప్యూటర్లోంచి తల తిప్పలేదు. ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం, ఇంటిపన్ను రసీదు, నీళ్ల పరీక్ష రిపోర్టు, ఒంట్లో అంటురోగాలేం లేవని డాక్టరు సర్టిఫికెట్టు, వంటగది ఫోటోలు అని గడగడా అప్పజెప్పాడు. కాస్త ఒక కాగితం మీద రాసిమ్మన్నాను.

"రాసివ్వడానికి నేనేమన్నా నీ గుమస్తానా?" అని నా వెనకున్న మనిషిని పిలిచాడు.

నేను ఏడో తరగతి చదివాను. బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని, గుర్తున్నవన్నీ నేనే రాసుకున్నాను. అది మొదలు నాకు ఎదురైన ప్రతి కుర్చీ మీదా కోపమే. ఆస్పత్రిలో డాక్టరు, "జబ్బేమీ లేకుండా ఎందుకొచ్చావు?" అంది.

"లేదని రాయించుకోడానికే వచ్చినాను" అన్నాను.

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడకి ఆ నవ్వు నచ్చలేదేమో, రెండు రోజులు తిప్పింది. నీళ్ల సీసా పట్టుకుని పరీక్షకి వెళితే, సీసా ఇలాంటిది కాదు, మేమిచ్చినదాంట్లోనే పట్టాలన్నారు. ఇమ్మంటే అయిపోయాయన్నారు. నాలుగుసార్లు తిరిగితే గానీ ఇవ్వలేదు.

ఇక ఇంటిపన్ను రసీదు. అది బావ పెట్టెలో ఉంది. పొద్దున్నే ఆయన వాకిట్లో వల బాగుచేసుకుంటుంటే వెళ్లి అడిగాను.

"ఏటికే రసీదు?" అన్నాడు.

"లైసెన్సుకి బావా. పచ్చడికి."

"అంటే ఈ ఇంటి అడ్రసు మీద నీ పేరెక్కించుకుంతావు. ఎయిర్‌పోర్టొచ్చి ఇక్కడ జాగా బంగారమైపోనాది. రేపు కాగితం సూపించి ఇల్లు నాదే అంతావు. నానేటి తెలివితక్కువోడిననుకున్నావా?"

"సీసా మీద అడ్రసేస్తే ఇల్లు నాదైపోద్దేటి?"

"ఎలగైపోద్దో నాకెరికే. నీ మొగుడొచ్చినాక మాటాడుకుంతాం. పో."

మా ఆయనకి ఫోన్ చేశాను. "అన్నతోటి గొడవెందుకే? ఆ లైసెన్సు మానేయరాదా?" అన్నాడు. ఇంకో మాట రాకుండా ఫోన్ పెట్టేశాను. తరవాత వారం రోజులు ఆయన చేస్తే ఎత్తలేదు. ఫోన్ చేసిన మర్నాడే మా ఊరి సచివాలయానికి వెళ్లి రసీదు నకలు కావాలన్నాను. సర్వర్ లేదన్నారు. వచ్చేదాకా ఇక్కడే ఉంటానని బల్లకెదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నం నేను వెంట తెచ్చుకున్న అన్నం అక్కడే తిన్నాను. ఎండుచేప వాసన గదంతా పట్టింది. నాలుగు కాకముందే నకలు ఇచ్చేశారు.

ఒప్పుదల కాగితం మీద అత్త మారుమాట్లాడకుండా వేలిముద్ర వేసింది. "ఇంకెక్కడైనా ఎయ్యాలేటే?" అని కూడా అడిగింది. అన్నీ పట్టుకెళ్లి దరఖాస్తు పెట్టాను.

ఇరవై రోజులకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వస్తూనే వంటగది చూడలేదు. వాకిట్లో నిలబడి ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి నేను ఇచ్చిన ఒప్పుదల. రెండోది నా మీద ఫిర్యాదు. రెండిటి కిందా అత్త పేరే, అత్త వేలిముద్రే.

"ఒప్పుకున్నదీ మీ అత్తగారే, వద్దన్నదీ మీ అత్తగారే. ఏది నమ్మమంటావు? మమ్మల్ని ఆడిస్తున్నారా?" అన్నాడు.

అత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వెళ్లి ఆవిడ ముందున్న చేటని కాలితో తన్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ తన్నాను. "ముసల్దానా, నా సేతి కూడు తింటా నా మీదే కాగితం పెడతావా? పెద్దకొడుకు దగ్గరికే పో, ఆడే నీకు తలకొరివి పెడతాడు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయలేను.

అత్త చెదిరిన చింతపండు వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"ఏ కాగితమే?" అంది.

ఇన్‌స్పెక్టరు చూపించాడు.

"ఇదా? మొన్న పెద్దోడు తెచ్చినాడు. మరదలి లైసెన్సుకి ఇంకో ఏలు కావాలంట, ఎయ్యమ్మా అన్నాడు. ఏసినాను."

బావ తన వాటా గుమ్మంలోనే ఉన్నాడు. "అబద్దం సార్, అమ్మకి మతిమరుపు" అన్నాడు.

అత్త లేచింది. ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి, "బాబూ, నాకు అచ్చరమ్ముక్క రాదు. అందులో ఏటి రాసున్నాదో సదివి ఇనిపించు" అంది. అతను విసుక్కుంటూనే చదివాడు. చిన్నకోడలు తనని కొడుతుందనీ, ఇంట్లో కుళ్లిన రొయ్యలు నిలవ చేస్తుందనీ, ఆ వాసనకి తిండి సయించటం లేదనీ, తన ఇంటి అడ్రసు మీద ఏ లైసెన్సూ ఇవ్వొద్దనీ ఉంది అందులో. అత్త కడదాకా విన్నది. విని బావ వైపు తిరిగింది.

"ఒరే, రొయ్య కుళ్లిందో నేదో నాకు తెలీదేట్రా? ఈ నెత్తి మీద తట్ట మోసుకుని, ఊరూరా తిరిగి అమ్మి నిన్ను సాకినాను. నా ఏలు అడిగితే, కొడుకువి కదా అని ఇచ్చినాను. దాంతోటి ఇది రాయించినావా?"

బావ లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కరిగిపోయాడనుకుంటారేమో, అదేం లేదు. ఫిర్యాదు మీద, ఇది నాకు తెలియకుండా రాసినదని తనే రాసి, అత్త చేత మళ్లీ వేలిముద్ర వేయించాడు. ఈసారి వేసేముందు అత్త ప్రతి ముక్కా చదివించుకుంది. ఆ తరవాత వంటగదిలోకెళ్లి, కిటికీకి జాలీ లేదు, గోడ సున్నం రాలుతోంది, నేల నున్నగా లేదు, ఇవన్నీ సరిచేసేదాకా లైసెన్సు లేదు అని రాసిపడేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడొస్తారు సార్ అని బండి వెనకాల పరిగెత్తాను. వినబడనట్టే పోయాడు.

ఇద్దరం వంగి చింతపండు ఏరుకున్నాం. "నాకు తెలీక అన్నాను అత్తా" అన్నాను.

"ఆడు నాకు సెప్పకుండా ఏయించినాడు. నువ్వు నన్నడక్కుండా తిట్టినావు. మీ ఇద్దరికీ తేడా ఏటే?" అంది.

ఆవిడ నెల రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను వండింది తినేది, కంచం తనే కడుక్కునేది. అలా తను కంచం కడుక్కుంటుంటే చూడటం నాకు ఇన్‌స్పెక్టరు మాటలకంటే కష్టంగా ఉండేది.

జాలీ కొట్టించాను. నేలకి నున్నగా సిమెంటు చేయించాను. గోడకి భుజాలెత్తు దాకా టైల్సు వేయించాను. టైల్సు అతికేవాడు వచ్చిన రోజు బావ కరెంటు మెయిన్ తీసేశాడు. మెయిన్ ఆయన వాటాలో ఉంది. పనివాడు చేత్తోనే కోసి, చేత్తోనే అతికించి, ఆయనకి వినబడేలా తిడుతూ వెళ్లాడు. నాకెంత సంతోషమేసిందో! రెండోసారి ఇన్‌స్పెక్టరు తను రాలేదు, వేరే ఆయన్ని పంపాడు. ఆయన జాలీని వేలితో మీటి చూసి, మూతల్లేని రెండు గిన్నెలు బయట పెట్టించి వెళ్లిపోయాడు. ఒక రోజు మధ్యాహ్నం రొయ్యలు వేపుతుంటే ఫోనులో లైసెన్సు వచ్చింది. నంబరు గట్టిగా చదివాను. అరుగు మీంచి అత్త, "మళ్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. ఆ రోజు నుంచి కంచం నాకు వదిలేసింది.

ఆ వేసవిలో బావ వాకిలి మధ్య ఇటుకల గోడ కట్టాడు. మా ఆయన వచ్చి గోడని చూసి, అన్నని ఒక్క మాట అనలేక, నా మీద కేకలేశాడు. నేనూ వేశాను. లైసెన్సు తీసెయ్యమనడం మాత్రం ఆయన వల్ల కాలేదు. అప్పటికి షాపాయన రెండో విడత సీసాలు అడుగుతున్నాడు.

ఈ మధ్య బావ పెళ్లాం గోడకవతల నుంచి పిలిచింది. ఆ గోడ లేచాక ఆవిడ నన్ను పిలవడం అదే మొదలు.

"మీ బావ ఐసు కొట్టు పెడతాడంట. కాగితాలేవేవో అడుగుతన్నారు. ఎక్కడికెల్లినా తిప్పుతన్నారంట. నీకు తెలుసు కదా, కూసింత సెప్పవా?" అంది.

నాకు అన్నీ తెలుసు. ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో, ఏ రోజు వెళితే సర్వర్ ఉంటుందో, నీళ్ల పరీక్షకి సీసా ఎవరినడగాలో అంతా తెలుసు.

"నాకేటీ తెలీదప్పా" అన్నాను.

గోడ మీంచి ఆవిడ తల మాత్రమే కనబడుతోంది. తరవాత వెళ్లిపోయింది.

"సెప్పేస్తే నీదేటి పోనాది?" అంది అత్త లోపల్నుంచి.

నేను రొయ్యలు వలుస్తూ కూర్చున్నాను.