మూడో గేటు దగ్గర రెండో తుమ్ము

సూరత్ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరూ ఇరవై. ఫిబ్రవరి మొదటి వారం, సన్నని చలి. ఒక ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, రెండు జతల బూట్లు, అమ్మ కట్టిచ్చిన కుంకుమ పొట్లం. కేంద్ర బలగంలో నాకది రెండో పోస్టింగు. ఊరి పక్కన హజీరాలో ఒక పెద్ద కర్మాగారానికి కాపలా. పద్దెనిమిది నెలలు.

ఒక పక్క తాపీ నది సముద్రంలో కలిసే బురద నేల. ఇంకో పక్క గోడ. గోడ పొడవునా కంపచెట్లు, వాటి నిండా పసుపు పూత. నా చోటు మూడో గేటు, సరుకు బండ్లు బయటికి పోయే దారి. డ్యూటీ ఆరు నుంచి రెండు. రైఫిలు, విజిలు, బండి కింద చూసే కర్ర అద్దం. ఆ గేటు మీద నిలబడిన మొదటి ఆడమనిషిని నేనే. ఫోన్‌లో ఆ మాట చెబితే అమ్మ దేవుడి ముందు ఇంకో దీపం వెలిగించింది.

తొమ్మిదో రోజు తుమ్ములు మొదలయ్యాయి.

ఒక ట్యాంకరుకు అడ్డుకర్ర ఎత్తాను. ఒక్కటే తుమ్ము వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము అపశకునం. రెండోది పడితే దోషం పోతుంది. మా ఇంట్లోనూ అంతే, లేకపోతే కాసేపు కూర్చుని ఏదైనా తాగి కదలాలి. ఆ పద్ధతి తాపీ ఒడ్డున కూడా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"బహెన్‌జీ, ఔర్ ఏక్!" అని ఇంకొక్క తుమ్ము కోసం బతిమాలాడు డ్రైవరు.

రెండోది రాలేదు. వెనక పదకొండు లారీలు నిలిచాయి. సెట్టులో వైర్‌లెస్ ఆపరేటర్ గొంతు వినిపించింది.

"గేట్ త్రీ, లైన్ ఎందుకు ఆగింది? ఓవర్."

"తుమ్మిన. ఓవర్."

"మళ్లీ చెప్పక్కా. ఓవర్."

"ఒక్కటే తుమ్మిన. రెండోది వస్తలేదు. ఓవర్."

అవతల సెట్టు గరగరమంది. నవ్వు ఆపుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

వారంలో నాలుగుసార్లు ఇలాగే అయింది. మా గార్డ్ కమాండర్‌ది ఆదిలాబాద్. నన్ను పిలిచి నిలబెట్టాడు.

"ఏందమ్మా ఇది? బాంబులు పట్టుమని పెడితే లారీలు పట్టుకుంటున్నవ్!"

"ముక్కు నా మాట వింటలేదు సార్."

"ఇనిపియ్యి. వచ్చే శుక్రవారం పెద్ద ట్రైలర్ పోతది. నూట ఇరవై చక్రాలు. పొద్దుగాల ఏడు నలభైకి కదలాలె. పోలీసులు రోడ్డు బంద్ చేసేది యాభై నిమిషాలే. ఆ పూట తుమ్మినవో, నిన్ను గేటు పాసులు రాసే గదిల ఏస్త. అండ్ల కిటికీ గూడ లేదు."

గేటు పోతుందన్న దిగులు పట్టుకుంది. దయగల మనుషులు చుట్టూ ఉండటం ఆ దేవుడి కరుణ. అందరూ మందులిచ్చారు. నేను బడికి పోలేదు, అమ్మే ఇంట్లో చదువు చెప్పి పదో తరగతి పరీక్ష రాయించింది. ఆమె మొదటి పాఠం: ప్రేమతో ఇచ్చింది రెండు చేతులా అందుకోవాలి, కాదనకూడదు. వైర్‌లెస్ ఆపరేటర్ తెల్ల గోళీలిచ్చాడు, అందుకున్నాను. మెస్‌లో వంట చేసే అన్న రోజూ పొద్దున బత్తాయి రసం తెచ్చాడు, తాగాను. ఆదివారం సూరత్‌లోనే భేస్తాన్‌లో, సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే చిన్నమ్మ ఇంటికి పోతే ఆమె పచ్చ గోళీల పట్టీ నా చున్నీ కొంగున కట్టింది. "సాంచల కాడ దూదికి మేమందరం గివే మింగుతం బిడ్డా. జలుబుకు రామబాణం."

సోమవారం ఆరింటికి తెల్లది వేసుకున్నాను. ఎనిమిదికి పచ్చది. తొమ్మిదీ పది వరకు ఒక్క తుమ్ము లేదు. మనసులోనే దండం పెట్టుకున్నాను.

తొమ్మిదీ ఇరవై అయిదు తర్వాత ఏం జరిగిందో తెలియదు. కళ్లు తెరిస్తే ఎదురుగా జానెడు దూరంలో గార్డ్ కమాండర్ ముఖం. అడ్డుకర్ర సగం లేచి ఉంది. తాడు నా చేతిలోనే ఉంది. నిలబడే నిద్రపోయాను. ముందున్న లారీ డ్రైవరు దిగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను జపంలో ఉన్నాననుకుని అతడు వెనక వాళ్లెవరినీ హారన్ కొట్టనివ్వలేదట.

"రైఫిలియ్యి. పోయి పండుకో. మందేదో తెలుసుకొని రా. ఇంకో తప్పుకు జాగ లేదు," అన్నాడు కమాండర్. సరైన ఆజ్ఞే.

మర్నాడు చిన్నమ్మతో భేస్తాన్ మందుల దుకాణానికి వెళ్లాను. కౌంటర్ దగ్గరి పిల్ల సూరత్‌లోనే పుట్టింది, తాతలది సిరిసిల్ల. రెండు గోళీల పట్టీలూ అద్దం బల్ల మీద పెట్టింది.

"అక్కా, పైన పెద్ద పేరు కాదు, కింద చిన్నగ ఉన్న బారీక్ అక్షరాలు చదువు."

చదివాను. తెల్ల దాంట్లో సెట్రిజిన్ అనే తుమ్ముల మందు. పచ్చ దాంట్లో జ్వరం మందు, ముక్కు దిబ్బడ మందు, మళ్లీ సెట్రిజిన్.

"పేర్లు అలగ్, మాల్ ఒకటే. డబుల్ వేసుకున్నవ్, అందుకే నిద్ర."

"మా సాంచలోళ్లకు ఏం కాలే గదనే!" అంది చిన్నమ్మ.

"వాళ్లు మధ్యాహ్నం సాంచ పక్కనే గుర్రు కొడతరు కద మౌసీ!"

చిన్నమ్మ బల్ల మీది పచ్చ పట్టీని తీసి తన కొంగున ముడేసుకుంది.

ఆ పిల్ల నన్ను చాలా అడిగింది. జ్వరముందా? ఊపిరాడకుండా, పిల్లికూతలు వస్తాయా? వస్తే ముందు డాక్టర్ దగ్గరికే పొమ్మంది. వేరే మందులు వాడుతున్నావా? డ్యూటీ ఏంటి? రైఫిలు అనగానే సెట్రిజిన్ పక్కకు తోసి, ఫెక్సోఫెనాడిన్ తీసింది. "దీంతో నిద్ర తక్కువ. అయినా ముందు ఛుట్టీ రోజు వేసుకొని చూడు. మీ డాక్టర్‌కు చూపెట్టు. రోజుకొకటే, సాదా నీళ్లతోనే. పండ్ల రసంతో వేసుకుంటే సరిగా పని చేయదు. ఆ కంపచెట్ల పూత నీకు పడతలేదు, గేటు దగ్గర మాస్క్ పెట్టుకో."

మా డాక్టర్ చూసి సరేనన్నాడు. సెలవు రోజు వేసుకుని చూశాను, నిద్ర రాలేదు. తుమ్ములు తగ్గాయి.

శుక్రవారం, ఏడూ పది. పడమటి గాలి. వంట అన్న రసం గ్లాసుతో వచ్చాడు.

"వద్దన్నా."

పుట్టి బుద్ధెరిగాక ప్రేమతో ఇచ్చినదాన్ని కాదనడం అదే మొదలు. అన్న ముఖం చిన్నబోయింది. గ్లాసు ఇసుక బస్తా మీద పెట్టి అక్కడే నిలబడ్డాడు.

ఏడూ ముప్పై ఎనిమిది. ట్రైలర్ వచ్చింది. ముసలి డ్రైవరు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, ఎక్కి ఇంజను వేశాడు. అడ్డుకర్ర ఎత్తాను. అగరొత్తుల పొగ నేరుగా ముఖానికి వచ్చింది. నా ముక్కు రాయిలా ఉంది.

అప్పుడు తుమ్ము వినిపించింది. ఒక్కటే. నాది కాదు, గార్డ్ కమాండర్‌ది.

ఇంజను ఆగింది. ముప్పై మంది ఆయన వైపు తిరిగారు. రెండో తుమ్ము కోసం ఆయన సూర్యుణ్ని చూశాడు, ముక్కు నలుపుకున్నాడు. రెండోది రాలేదు. నా చెవి దగ్గరికి వచ్చాడు.

"తుమ్ము."

"వస్తలేదు సార్. మందు మంచిగ పని చేస్తున్నది."

"ఆర్డర్ అమ్మా!"

ప్రయత్నించాను. మాస్క్ తీసి కంపచెట్ల వైపు గట్టిగా ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. ఏడూ నలభై నాలుగు. అప్పుడు ఇసుక బస్తా మీది గ్లాసు కనబడింది. తీసుకెళ్లి డ్రైవరుకు అందించాను. "బాబా, కూర్చుని తాగండి," అని హిందీలో చెప్పాను.

ఏడూ నలభై తొమ్మిదికి ట్రైలర్ గేటు దాటింది.

మర్నాడు డ్యూటీ పట్టికలో మూడో గేటు ఎదురుగా నా పేరే ఉంది. గార్డ్ కమాండర్ గేటు దగ్గరికి వచ్చాడు. తన మందు పట్టీ తెచ్చి, బారీక్ అక్షరాలు చదివి చెప్పమన్నాడు.

పద్దెనిమిది నెలలూ ఆ గేటు మీదే పూర్తి చేశాను. ఇంటికొచ్చిన రోజు అమ్మ రెండు చేతులా పాయసం గిన్నె అందించింది, తీసుకున్నాను. బలగం వదిలి ఇప్పుడు నాలుగేళ్లు. దాటిన బండ్లు, పేల్చని తూటాలు, అన్నీ మసకబారాయి. ఒక్కటి పోలేదు: నూట ఇరవై చక్రాలు ఆగి ఉన్నాయి, రోడ్డంతా ఎదురుచూస్తోంది, ఆ ముసలి డ్రైవరు మెట్టు మీద కూర్చుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కళ్లకద్దుకుని, తొందరే లేకుండా తాగుతున్నాడు.